సాంబ్రాణి పట్టిన కార్డు

మొన్న ఇంటికి రంగులు వేయించడానికి అటక ఖాళీ చేస్తుంటే, మా అమ్మాయి స్టూలెక్కి ఒక్కొక్క సంచీ కిందికి అందించింది. నేను అందుకుని, ఉంచాల్సినవి ఒక పక్కకీ పారేయాల్సినవి ఇంకో పక్కకీ వేస్తూ కూర్చున్నాను. ఎప్పటిలాగే ఉంచాల్సిన పక్క గుట్టయింది, పారేయాల్సిన పక్కన రెండు పగిలిన బక్కెట్లు మాత్రం ఉన్నాయి. అప్పుడు దిగింది అవ్వ గుడ్డసంచీ. మూతికి ముడి, ముడి మీద ముడి. పళ్ళతో లాగితే గానీ ఊడని ముళ్ళు వేయడంలో అవ్వ సిద్ధహస్తురాలు. లోపల ఆమె ఇత్తడి సాంబ్రాణి గిన్నె ఉంది, దాని మూతికి పాత చీర పేలిక చుట్టి ఉంది. మా అమ్మాయి పేలిక విప్పి, గిన్నెలో చెయ్యి పెట్టి, పచ్చటి అట్ట లాంటిదొకటి బయటికి తీసింది.

"మమ్మీ, ఇది గ్రాఫిక్స్ కార్డు! ఓ మై గాడ్, ఎంత పాతది! ఫ్యానుకి ఈ తాడేంటి?"

"తాడు కాదే. లంగా బొందు."

అది స్టూలు మీంచి పడబోయి గోడ పట్టుకుంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఆ కార్డు ఫొటో తీసి స్నేహితులందరికీ పంపింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కార్డును ఎప్పుడో తీసేసి, పాత సామాన్లవాడికి వేసేయమని నేనే అవ్వకిచ్చాను. అది ఇన్నేళ్ళు మా అటక మీద, అందునా సాంబ్రాణి గిన్నెలో ఎందుకుందో నాకు వెంటనే తట్టలేదు. రంగులవాళ్ళు వచ్చి "అమ్మా, హాలు ఖాళీ చేస్తారా" అంటున్నా, నేను ఆ కార్డు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.

మేము కదిరి వైపు నుంచి ఈ కన్నడ నగరానికి వచ్చినవాళ్ళం. హూడిలో ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పట్లో నీలగిరి తోపులు ఉండేవి. వాటి పక్కన ఒక వఠారంలో వరసగా రెండేసి గదుల ఇళ్ళు, అందులో ఒకటి మాది. ఇంట్లో నాయన, నాయన వాళ్ళమ్మ అయిన అవ్వ, నేను. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన పీణ్యలో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసేవాడు. హూడి నుంచి పీణ్య అంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొస. తెల్లారకముందే కారియరు పట్టుకుని బస్సుకు పోతే, తిరిగి వచ్చేసరికి ఆయన కంటే ముందు ఆయన వాసన ఇంట్లోకి వచ్చేది. ఇనుము కోసినప్పుడు పోసే నూనె వాసన అది. సబ్బుతో రుద్దినా, అవ్వ శనగపిండి పెట్టి తోమినా పోయేది కాదు. నాయనకు లోకంలో ప్రతి జబ్బుకూ మందు నూనే. తలుపు కిర్రుమంటే నూనె, తాళం తిరగకపోతే నూనె, సైకిలుకు, కత్తెరకు, ఆఖరికి అవ్వ మోకాళ్ళకూ నూనే. సన్నటి ముక్కున్న చిన్న నూనె డబ్బా ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది, అందుకని ఆయన చొక్కాలన్నింటికీ ఎడమ పక్కన ఒక మచ్చ ఉండేది.

అవ్వకు శుక్రవారం మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదనుకుంటాను. శుక్రవారం పొద్దున్నే నా నడినెత్తిన ఆముదం పెట్టి, కళ్ళు బైర్లు కమ్మేదాకా మర్దనా చేసి, నానబెట్టిన కుంకుడుకాయల రసంతో తల రుద్దేది. కళ్ళలో పడి మండితే అరిచేదాన్ని. "ఏడవకే అమ్మణ్ణీ, మంట పుడితేనే మురికి పోయేది," అనేది. ఆ తర్వాత ముందు గదిలో చాప వేసి నన్ను పడుకోబెట్టి, బోర్లించిన వెదురు గంప మీద నా జుట్టంతా పరిచేది. గంప కింద కొబ్బరిచిప్పల నిప్పులు వేసిన ఇత్తడి గిన్నె. దాని మీద గుప్పెడు సాంబ్రాణి చల్లగానే తెల్లటి పొగ గంప సందుల్లోంచి జుట్టులోకి పాకేది. అవ్వ పక్కనే కూర్చుని వేళ్ళతో పాయలు విడదీస్తూ, నన్ను కన్నతల్లికి ఎంత జుట్టుండేదో, అది జడ వేసుకుంటే ఎక్కడిదాకా వచ్చేదో చెప్పేది. నాకు అమ్మ గురించి తెలిసిందంతా ఆ పొగలో తెలిసిందే. చిన్నప్పుడు మొదలైన ఈ వైభోగం నాకు పెళ్ళీడు వచ్చి దాటిపోతున్నా ఆగలేదు. అదీ ముందు గదిలోనే జరగాలి. వెనక గదిలో గాలి ఆడదు, జుట్టు ఆరదు అని అవ్వ శాసనం.

కంప్యూటరు కూడా ఆ ముందు గదిలోకే వచ్చింది. మూడు కన్నాల ప్లగ్గు ఇంటికంతా అక్కడే ఉంది. నేను ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, కొన్నేళ్ళు ఒక ఆఫీసులో ఇంజనీర్లు గీసిన బొమ్మల మీద ట్రేసింగ్ కాగితం పెట్టి దిద్దాను. ఇంకొకరు గీసిన గీత మీద గీత గీయడం తప్ప నాదంటూ ఒక్క గీత లేదు. ఆ తర్వాత కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి, నా ఉద్యోగం కూడా కాగితాలతోపాటే పోయింది. మొండిగా సాయంత్రం క్లాసులకు పోయి, మెషీను భాగాలను తెర మీద మూడు వైపులా తిప్పి చూసేలా గీయడం నేర్చుకున్నాను. నాయన ఎస్.పి. రోడ్డులో పాత కంప్యూటరు ఒకటి కొనుక్కొచ్చాడు. దానికి గీతలు తిప్పే బలం చాలకపోతే, ఇంకోసారి పోయి ఈ గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు. అదీ ఎవరో వాడి వదిలేసిందే. అవ్వ ఆ కంప్యూటరుకు తన పాత చీరతో గౌను కుట్టింది. ఆయుధపూజకు పసుపూ కుంకుమా పెట్టి, దాని ముందు నాచేత నిమ్మకాయ తొక్కించి, సాంబ్రాణి గిన్నెను చుట్టూ మూడుసార్లు తిప్పింది. పీణ్యలో లేత్‌కు చేసే మర్యాదే దీనికీ చేయాలని నాయన కూడా అన్నాడు.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. కుందలహళ్ళి దగ్గర టెక్ పార్కులో ఒక ఆఫీసు వాళ్ళు మెషీన్ల బొమ్మలు గీసేవాళ్ళ కోసం చూస్తున్నారని తెలిసి వెళ్ళాను. అక్కడున్నావిడ నా సర్టిఫికెట్ ఐటిఐదని చూసి పెదవి విరిచింది గానీ, తరిమేయలేదు. ఒక పంపు తాలూకు బొమ్మ కాగితం మీద ఇచ్చి, "దీన్ని కంప్యూటర్‌లో కట్టి, తిప్పితే తిరిగేలా, ఒక్కొక్క పార్ట్ విడిపోయి మళ్ళీ కలిసేలా చేసి, సోమవారం పొద్దున సీడీలో తీసుకురండి. ఇంట్లో సిస్టమ్ ఉందా?" అంది. ఉందని ఎంత గర్వంగా చెప్పానో. ఇంటికొచ్చి చెబితే నాయన సంతోషించలేదు. ఆయన పక్క లేత్ మీద పనిచేసే ఒకాయన చెల్లెలు గార్మెంట్స్‌లో సూపర్‌వైజరు. అక్కడ బట్టల చెకింగ్ సెక్షన్‌లో నాకు పని ఇప్పిస్తానని ఆమె మాటిచ్చింది. అదీ సోమవారమే చేరాలి, రాకపోతే ఇంకొకరికి పోతుంది.

"చూడు పాపా," అన్నాడు నాయన. "అదొస్తాదో రాదో తెలీదు. ఇది చేతిలో ఉండాది. ఆ సీడీ అయితే సరి, అట్లనే పో. కాకపోతే మాత్రం సుమ్నె, నోరు మూసుకోని గార్మెంట్స్‌లో చేరల్ల. మళ్ళా మొండికెయ్యకూడదు."

సరేనన్నాను. గార్మెంట్స్ పని తక్కువని కాదు, మా వఠారంలో సగం మంది ఆడవాళ్ళు ఆ పనితోనే పిల్లల్ని చదివించారు. కానీ ఒకసారి అందులో పడితే నేను మళ్ళీ గీత గీయనని నాకు తెలుసు. ఇంటికొచ్చి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక ఎవరికీ మిగలదు. నాకు ఆ పంపు కావాలి. నా చేత్తో కట్టిన పంపు, నేను తిప్పితే తిరిగే పంపు.

శుక్రవారం తలంటు, సాంబ్రాణి అయ్యాక, పొడి జుట్టుతో, మంచి హుషారుతో కూర్చున్నాను. పంపు పైభాగం కట్టినంతసేపూ బాగానే ఉంది. అటూ ఇటూ తిప్పి చూద్దామనేసరికి తెర నిండా రంగురంగుల చుక్కలు వచ్చాయి, ముగ్గు వేయడం రానివాళ్ళెవరో చుక్కలు పెట్టినట్టు. ఆ తర్వాత అడ్డగీతలు వచ్చి, టప్పున ఆరిపోయింది. మళ్ళీ వేస్తే కొంచెంసేపు వెలిగి మళ్ళీ అంతే. ఆ రోజుల్లో ఏం జరిగినా వైరస్ అనేవాళ్ళు. నేనూ వైరసే అనుకుని చేతనైన తంటాలన్నీ పడ్డాను. అవ్వ వంటింట్లోంచి వచ్చి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూసింది.

"ఏమే, దీనికి ఒళ్ళు కాల్తాండాది. వేడి చేసిండాది దీనికి."

"అవునవ్వా, సబ్జా గింజలు నానబోయి. తాపిద్దాం," అన్నాను చిరాగ్గా.

నా వెటకారం ఆమెకు ఎక్కలేదో, ఎక్కినా పట్టించుకోలేదో తెలియదు. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి, ఒక తువ్వాలు నీళ్ళలో ముంచి, పిండి, మడతపెట్టి ఆ పెట్టె నెత్తిన వేసి కూర్చుంది. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు వచ్చారు. తువ్వాలు లాగి పారేశాను. కరెంటు, నీళ్ళు, చస్తావు అని నోటికొచ్చినట్టు అరిచాను. "జరమొస్తే నీకట్లనే వేస్తి కదే," అంటూ అవ్వ లోపలికి పోయింది. కానీ ఆమె మాట నాలో పనిచేసింది. ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పి, ఆ కార్డు మీద వేలు పెట్టాను. చుర్రుమంది. వైరస్ కాదు, నిజంగానే వేడి. మళ్ళీ ప్లగ్గు పెట్టి చూస్తే, కార్డు మీద ఉన్న చిన్న ఫ్యాను తిరగడం లేదు. వేడి చేసింది అని మనిషికి చెప్పే మాటనే అవ్వ దానికీ చెప్పింది, అదే సరైన మాట అయింది. ఆ మాట ఆమెతో అనడానికి మాత్రం అప్పుడు నాకు నోరు రాలేదు.

సాయంత్రం నాయన వచ్చి చూశాడు. ఫ్యాను అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. తనకు తెలిసిన జబ్బు, చేతిలో ఉన్న మందు. జేబులోంచి డబ్బా తీసి, ఫ్యాను నడుముకు టపటపా చుక్కలేశాడు. మళ్ళీ పెట్టి స్విచ్చి వేస్తే, నమ్మరు, గిర్రున తిరిగింది. "ఉపాయం లేనోణ్ణి ఊళ్ళోంచి ఎళ్ళగొట్టల్ల," అని మీసం మీద చెయ్యేసుకున్నాడు. శనివారం పొద్దున అది తిరుగుతూనే ఉంది. పంపులోపలి పళ్ళ చక్రాలు రెండూ కట్టేశాను. మధ్యాహ్నానికి మళ్ళీ చుక్కలు, మళ్ళీ గీతలు, ఈసారి కాలిన నూనె కంపు కూడా. విప్పి చూస్తే నూనెంతా చిమ్మి, ఫ్యాను కింద ఉన్న అల్యూమినియం రెక్కల మధ్య బంకలా పట్టుకుని ఉంది. ఫ్యాను వేలితో తోసినా కదలడం లేదు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

పెట్టెను ఆటోలో వేసుకుని హూడి సర్కిల్లోని కంప్యూటర్ షాపుకు తీసుకుపోయాను. అతను రేకు కూడా విప్పలేదు. "కార్డు హోయ్తు మేడమ్, పోయింది. కొత్తది వేయాలి. సండే లీవు. వదిలి పొండి, ట్యూస్‌డే రండి," అన్నాడు. మంగళవారం వస్తే నాకెందుకది? పెట్టెను మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాను. నాయన నా మొహం చూసి, ఇంకేం అడగకుండా, సోమవారం ఎన్ని గంటలకు గార్మెంట్స్ గేటు దగ్గర ఉండాలో చెప్పాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ ఫ్యాను మీద వచ్చింది. అరచేతిలో సగం లేని ఆ ప్లాస్టిక్ ముక్క నన్ను జీవితమంతా బట్టల దారాలు కత్తిరిస్తూ కూర్చోమంటుందా? తేల్చుకుందాం అనుకున్నాను. అవ్వ నన్ను తిట్టినప్పుడల్లా మొండిదానా అనేది, మురిసిపోయినప్పుడు కూడా అదే అనేది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కదా, మొండిది మాత్రం తక్కువ తిందా?

ఆదివారం పొద్దున్నే వాకిట్లో, నీళ్ళ తొట్టి పక్కన, పేపరు పరుచుకుని కూర్చున్నాను. కార్డు వెనకవైపు నుంచి స్ప్రింగు మేకులను నాయన పట్టుకారుతో నొక్కి, అల్యూమినియం రెక్కల దిమ్మను కార్డు నుంచి విడదీశాను. ఫ్యానును మరలు తీసి పక్కన పెట్టాను. రెక్కల మధ్య దుమ్ము ఉంటుందనుకున్నాను. దుమ్ము కాదు. గోధుమరంగు జిడ్డు, పాకంలా గట్టిపడి, వేలితో గీకితే చుట్టలు చుట్టలుగా వస్తోంది. గాలి పోవడానికి సందన్నదే లేదు. పెట్రోలు పెడదామంటే అవ్వ ఒప్పుకోదు, సబ్బు పెట్టి తోమితే కదలలేదు. జిడ్డును వదిలించేది మా ఇంట్లో ఏమిటని ఆలోచిస్తే, వంటింటి కిటికీలో నానబెట్టిన కుంకుడుకాయల గిన్నె కనిపించింది.

ఆ దిమ్మను మాత్రం గోరువెచ్చటి కుంకుడు రసంలో వేసి, పాత పళ్ళ బ్రష్షుతో ఒక్కొక్క సందూ తోమాను. నురగ వచ్చింది, నీళ్ళు కాఫీ రంగుకు తిరిగాయి. అప్పుడు ఆవిరితో పాటు వాసన లేచింది. నేను చేతులు ఆపేశాను. సాంబ్రాణి. నా జుట్టు వాసన. ప్రతి శుక్రవారం ముందు గదిలో, ఆ పెట్టెకు మూరెడు దూరంలో పడుకుని నేను పీల్చిన పొగనే, ఆ పెట్టె కూడా తన ఫ్యానుతో లోపలికి పీల్చింది. మనకైతే దగ్గు వస్తుంది, దానికి రాలేదు. వారం వారం ఆ పొగ రెక్కల మధ్య పేరుకుని, మీద నాయన నూనె పడి, ముద్దయిపోయింది.

అవ్వ నా వెనకే నిలబడి ఉంది, చెంబుతో నీళ్ళు పోయడానికి. ఆ వాసన ఆమెకూ వచ్చే ఉంటుంది, ఆమె ముక్కు అసాధ్యపుది. పక్కింట్లో పాలు అడుగంటితే మా ఇంట్లోంచి చెప్పేది.

"ఏందే అమ్మణ్ణీ అదంతా?" అంది.

"దుమ్మవ్వా. రోడ్డు దుమ్ము. తోపులు కొట్టేస్తున్నారు కదా," అన్నాను, తలెత్తకుండా.

అవ్వ వంగి ఆ కాఫీ రంగు నీళ్ళు చూసింది. తర్వాత, "అవునవును. దుమ్మే," అని చెంబు వంచి నీళ్ళు పోసింది.

కడిగిన దిమ్మను ఎండలో, అవ్వ వడియాలు ఆరబెట్టే గుడ్డ మీద పెట్టాం. కాకి ఎత్తుకుపోకుండా అవ్వ కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. నేను కార్డును పొడి బ్రష్షుతో దులిపి, కుందలహళ్ళి గేటు దగ్గర టీవీలు బాగుచేసే షాపుకు పరుగెత్తాను. ఆదివారమైనా ఆయన షాపు సగం షట్టరు వేసుకుని పనిచేసుకుంటున్నాడు. చిత్తూరు వైపు మనిషి. వేడిని కార్డు నుంచి రెక్కలకు అందించే తెల్లటి పేస్టు టీవీల్లో కూడా వాడతారని క్లాసులో ఎవరో అనగా విన్నాను. అడిగితే, ప్లాస్టిక్ కవరు ముక్క మీద, తమలపాకుకు రాసే సున్నమంత పెట్టిచ్చాడు. ఫ్యాను చూపిస్తే పెదవి విరిచాడు. "ఇది పోయిందమ్మా. చిన్నప్పట్నుంచి నూనే తాగినట్టుండాది," అని, ఒక పాత కంప్యూటర్ పెట్టెలోంచి అరచెయ్యంత ఫ్యాను ఊడదీసి చేతిలో పెట్టాడు. "దీనికి అది సరిపోదు, ఎట్ల బిగిస్తావు?" అంటే, "అది నేను చూసుకుంటానన్నా," అని వచ్చేశాను. ఎలా చూసుకుంటానో నాకూ తెలియదు.

దిమ్మ కింద తెల్ల పేస్టు పలచగా రాసి, మళ్ళీ కార్డుకు బిగించాను. దాని మీద పెద్ద ఫ్యాను పెడితే, మరలకు చోటు కుదరడం లేదు. దారం తెగిపోతుంది, రబ్బరు బ్యాండు వేడికి కరిగిపోతుంది, తీగ కడితే ఎక్కడ తగిలి ఏమవుతుందోనని భయం. నూలు తాడు కావాలి, సన్నగా, గట్టిగా. ఇల్లంతా వెతికి వెతికి, చివరికి నా ఉతికిన లంగా ఒకటి తీసి, బొందు లాగేశాను. అల్యూమినియం రెక్కల చివర్ల కిందుగా రెండు చుట్లు తిప్పి, ఫ్యాను మూలల కన్నాల్లోంచి తెచ్చి, బిర్రుగా ముడి వేశాను. ముడి మాత్రం అవ్వ వేసింది. ఫ్యాను తీగలను పెట్టెలోని పసుపు తీగకూ నల్ల తీగకూ కలిపి టేపు చుట్టాను. పక్క రేకు ఇక మూతపడదు, తెరిచే ఉంచేశాను. స్విచ్చి వేశాను. ఫ్యాను గుర్రుమంటూ తిరిగింది, పెట్టెలోంచి చల్లగా గాలి వచ్చింది. నాయన వంగి చూసి, మొదట ఏమీ అర్థం కాక, అర్థమయ్యాక గోడకు చేరగిలబడి నవ్వాడు.

"మెషిన్‌కు లంగా కట్టినావు కదే! పీణ్యలో చెప్తే నమ్మరు."

పంపును తెర మీద తిప్పాను. చుక్కలు రాలేదు. ఇంకా గట్టిగా తిప్పాను, గీతలు రాలేదు. అప్పటినుంచి లేవలేదు. అవ్వ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే తింటూ, మిగిలిన భాగాలు కట్టాను. పొద్దు వాలేసరికి పంపు మూత లేచి పక్కకు జరిగింది, చక్రాలు ఒకదాన్నొకటి కరుచుకుని తిరిగాయి, షాఫ్టు బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది. నాయన నా వెనక నిలబడి, తాను జీవితమంతా చేతులతో కోసిన వస్తువును తెర మీద చూస్తున్నాడు. "ఆ షాఫ్టు నేనైతే రవ్వంత నున్నగా కోసుంటా," అన్నాడు. ఆయన నోట్లోంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు. రాత్రికి పంపును సీడీలోకి ఎక్కించాను. సోమవారం ఆయన పనికి ఆలస్యంగా పోయి, నాతోపాటు కుందలహళ్ళి స్టాపు దాకా వచ్చాడు. ఆఫీసులో ఆవిడ పంపును తిప్పి తిప్పి చూసింది, నన్ను ఒకటి రెండు అడిగింది, ఖాళీ కుర్చీ చూపించింది. ఆ కుర్చీ నుంచి మొదలైన పనే ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతోంది.

ఆ వారం శుక్రవారం అవ్వ చాపను ముందు గదిలో వేయలేదు. వెనక మెట్ల మీద, తొట్టి పక్కన వేసింది. ఏమవ్వా అంటే, "లోపల పొగ నాకు పడ్తాండ్లా. దగ్గొస్తాండాది," అంది. బయట గాలికి పొగ నిలిచేది కాదు, గంప ఎగిరిపోయేది, జుట్టు ఆరేదే కాదు. అయినా ఆమె పోయేదాకా సాంబ్రాణి గిన్నె మళ్ళీ మా ముందు గదిలోకి రాలేదు. నేను ఆ దగ్గును ఎంత నమ్మానంటే, మొదటి జీతం వచ్చాక ఆమెను డాక్టరు దగ్గరికి కూడా తీసుకుపోయాను. ఆయన గుండె మీద గొట్టం పెట్టి చూసి, ఈ వయసులో ఇంత శుభ్రమైన ఊపిరితిత్తులు చూడలేదన్నాడు. అవ్వ నా వైపు చూడకుండా చెప్పులు వేసుకుంది. తర్వాత కొత్త కంప్యూటర్ వచ్చింది, పాత కార్డు తీసి పారేయమన్నాను. ఆమె పారేయలేదు. చివరి రోజుల్లో ఎప్పుడో తన సాంబ్రాణి గిన్నెలో పెట్టి, పేలిక చుట్టి, ముడి మీద ముడి వేసింది.

అవ్వకు తెలుసు. ఆ కుంకుడు నీళ్ళ దగ్గరే తెలుసు. నన్ను బాధపెట్టకూడదని దుమ్మే అంది, నా పని చెడకూడదని దగ్గొస్తోందంది. మా అమ్మ గురించి చెప్పుకునే ఆ గది, ఆ పొగ, ఆ వెచ్చదనం వదులుకుని, చలిలో మెట్ల మీద కూర్చుంది. నాకిది ఇంత ఆలస్యంగా తెలిసినందుకు రంగులవాళ్ళ ముందే ఏడ్చాను. మా అమ్మాయి గాభరాపడి నీళ్ళు తెచ్చింది.

మా అమ్మాయికి ఇప్పుడు జుట్టు ఆరబెట్టుకోవడం అంటే గుర్రుమనే యంత్రం, రెండు నిమిషాల పని. దాని కంప్యూటర్ అద్దాల పెట్టెలో ఉంటుంది, లోపల రంగురంగుల దీపాలు, నాలుగు ఫ్యాన్లు. వేడెక్కితే తెర మీదే అంకెలతో చెబుతుంది. ఎవరూ అరచెయ్యి ఆనించి చూడాల్సిన పని లేదు. మంచిదే, నేను ఆ రోజులు తిరిగి రావాలని కోరుకునే రకాన్ని కాదు. వేలు కాల్చుకున్న నాకు తెలుసు ఆ రోజుల సంగతి. కానీ రంగులు అయిపోయిన శుక్రవారం, నెరిసిన నా జుట్టుకు తలంటుకుని, గ్యాసు మీద బొగ్గులు రాజేసి, అవ్వ ఇత్తడి గిన్నెలో వేసుకుని, సాంబ్రాణి చల్లి, హాల్లోకి తెచ్చాను. మెట్ల మీదికి కాదు, బాల్కనీలోకి కాదు. కొత్త రంగు వేసిన హాల్లో, ఆ అద్దాల పెట్టె ఎదురుగానే చాప వేసుకున్నాను. తెల్లటి పొగ ఇల్లంతా పాకింది.

మా అమ్మాయి గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "మమ్మీ! స్మోక్! సిస్టమ్ అంతా పాడైపోతుంది!"

"పాడవదు. వేడి చేస్తే విప్పి కడుగుతాను," అన్నాను. "కుంకుడుకాయలు నానబెట్టే ఉంచాను. నువ్వు ముందు ఇలా వచ్చి పడుకో, నీ జుట్టు ఇటు పరుచు. మీ అమ్మమ్మకు ఎంత జుట్టుండేదో చెబుతాను."